నాతో చదివినవాళ్ళంతా ఎక్కడికో వెళ్ళిపోయారు, నేను బొమ్మలు వేయడమే ఆపేశాను

పెన్సిల్‌ముక్క (తెనాలి) · ఆదివారం రాత్రి 11.20

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఈ ఫోరంలో మీరంతా రాసేవి చదువుతున్నాను గానీ నేను ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఫైన్ ఆర్ట్స్‌లో పెయింటింగ్ డిగ్రీ చేశాను. ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో వారానికి నాలుగు రోజులు డ్రాయింగ్ చెప్తాను. మిగతా రోజులు పెళ్ళి కార్డులు, ఓణీల ఫంక్షన్ బ్యానర్లు. మా బ్యాచ్‌లో బాగా దగ్గరగా ఉండేవాళ్ళం నలుగురం. ఒకడు హైదరాబాద్‌లో గేములు తయారుచేసే కంపెనీలో కాన్సెప్ట్ ఆర్టిస్ట్, అంటే గేములో పాత్రలూ చోట్లూ ఎలా ఉండాలో ముందుగా బొమ్మ వేసిచ్చేవాడు. ఒకమ్మాయి బెంగళూరులో పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తోంది, ఈమధ్యే మూడో పుస్తకం వచ్చింది. ఇంకో అమ్మాయికి ఇన్‌స్టాగ్రామ్‌లో ఫాలోయర్లు లక్ష దాటారు. నాలుగోదాన్ని నేను.

పోయిన దసరాకి కలిశాం. వాళ్ళెవరూ నన్ను చిన్నబుచ్చలేదు, నిజం చెప్పాలి. మావాడు ట్యాబ్‌లో ఒక కోట బొమ్మ చూపించాడు. పాడుబడిన కోట, కిటికీలోంచి ఎండ మెట్ల మీద పడుతోంది, ఆ ఎండలో దుమ్ము కూడా కనబడుతోంది. చూస్తుంటే నా కడుపులో ఏదో పడిపోయినట్టు అయింది. ఇంటికొచ్చి మా పిన్ని దగ్గర అప్పు తీసుకుని పెన్ ట్యాబ్లెట్ కొన్నాను. మూడు నెలలు రోజూ రాత్రి కూర్చుని వాడిలాగే వేద్దామని ప్రయత్నించాను. ప్రతి బొమ్మా వాడి బొమ్మకి నకల్లాగా, అదీ రంగు వెలిసిపోయిన నకల్లాగా వచ్చేది. సంక్రాంతి తర్వాత పూర్తిగా ఆపేశాను. స్కూల్లో బోర్డు మీద మామిడిపండు వేయడం తప్ప ఒక్క గీత గీయలేదు.

ఎవరితోనూ పోల్చుకోకు అని మాత్రం చెప్పకండి దయచేసి. అది నాకూ తెలుసు. తెలిసినా ఆగట్లేదు. నేను అడిగేది వేరే. అసలు నాకంటూ ఏదైనా వచ్చా, రాదా? అది ఎలా తెలుసుకోవాలి?

అద్దెఇల్లు (హన్మకొండ) · ఆదివారం రాత్రి 11.52

అక్కా, కొంచెం కటువుగా చెప్తాను, ఏమనుకోకండి. నేను పన్నెండేళ్ళుగా ఫ్రీలాన్స్ డిజైన్ పని చేస్తున్నాను. "నీలో ఉన్నదేంటో కనిపెట్టు" అనే మాట చాలాసార్లు విన్నాను. కనిపెట్టినంత మాత్రాన ఇంటి ఓనరు అద్దె వదిలెయ్యడు. మార్కెట్‌లో ఏం కావాలో అది నేర్చుకోవాలి. మీ ఫ్రెండ్ చేస్తున్న పనికి డిమాండ్ ఉంది. మూడు నెలలకే వదిలేశారు, అదే నాకు బాధగా ఉంది. ఇంకో ఏడాది కూర్చుంటే వచ్చేదేమో.

రిగ్గింగ్_రాజు (హైదరాబాద్) · సోమవారం ఉదయం 7.05

నైట్ షిఫ్ట్ అయ్యి ఇప్పుడే ఇల్లు చేరాను. నేను యానిమేషన్ స్టూడియోలో పనిచేస్తాను కాబట్టి లోపలి సంగతి చెప్తాను.

బయటి నుంచి చూసేవాళ్ళు ఆ కోట బొమ్మ ఒకటే చూస్తారు. మా దగ్గర ఒక పాత్ర తెర మీద నడవాలంటే దాన్ని డిజైన్ చేసేవాళ్ళు వేరు, త్రీడీలో మోడల్ కట్టేవాళ్ళు వేరు, ఒంటి మీద రంగు, ముడతలు వేసేవాళ్ళు వేరు, లైటింగ్ వేరు, కదిలించేవాళ్ళు వేరు. ఆ పాత్ర కదలాలంటే లోపల ఎముకల గూడు లాంటిది ఒకటి కట్టాలి. దాన్ని రిగ్గింగ్ అంటారు, నా పని అదే. నేను ముఖం గీస్తే మా అమ్మ కూడా గుర్తుపట్టదు. చేరిన కొత్తలో రెండేళ్ళు మా టీమ్‌లో బాగా గీసేవాళ్ళని చూసి రోజూ కుమిలిపోయాను. ఒకరోజు మా లీడ్ పిలిచి, ఒక పాత్ర మోకాలు మడిస్తే తొడ దగ్గర చర్మం నలిగిపోతోంది, ఎవరికీ సరిగ్గా రావట్లేదు, చూడు అన్నాడు. రాత్రంతా కూర్చుని సరిచేశాను. నాకు అది కష్టంగా అనిపించలేదు, ఆటలా అనిపించింది. చిన్నప్పుడు మా నాన్న సైకిల్ షాపులో చైన్లు, బేరింగులు విప్పుతూ పెరిగాను మరి.

అద్దెఇల్లు అన్నతో ఒక విషయంలో మాత్రం ఏకీభవిస్తాను. పోలిక పూర్తిగా చెడ్డదేం కాదు. బొమ్మని బొమ్మతో పోల్చండి, దాంట్లో వెలుతురు ఎలా పడిందో చూసి నేర్చుకోండి. మనిషిని మనిషితో పోలిస్తే మాత్రం నేర్చుకోవడానికి ఏమీ దొరకదు.

పాతప్రెస్సు (విజయవాడ) · సోమవారం ఉదయం 9.40

అమ్మా, నాకు అరవై తొమ్మిదేళ్ళు. వారపత్రికల్లో ఆర్టిస్టుగా ముప్పై ఏళ్ళు పనిచేశాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

మా తరంలో బొమ్మలు వేసే కుర్రాళ్ళకి ఒకటే జబ్బు, బాపు గారు. 1933లో నరసాపురంలో పుట్టిన మనిషి, చదివింది లా, పట్టా కూడా పుచ్చుకున్నారు. ఆయన గీత చూసి మా అందరికీ మతి పోయింది. నేను ఆరేళ్ళు ఆయన ఆడపిల్లల్నే వేశాను. వాలు జడ, పెద్ద కళ్ళు, సన్నని నడుము. నా సంతకం తీసేస్తే బాపు బొమ్మ అనుకోవాలని నా కోరిక. ఎవరూ అలా అనుకోలేదు. బాపు బొమ్మ చూసి వేసినట్టుంది అనేవారు, అంతే.

అప్పట్లో బొమ్మ అచ్చు కావాలంటే లైన్ బ్లాక్ చేయించాలి. ఫోటో తీసి, జింక్ రేకు మీదకి ఎక్కించి, యాసిడ్‌లో ముంచితే గీత లేని చోటంతా తినేసి గీత మాత్రం పైకి నిలబడేది. మరీ సన్నగా గీస్తే యాసిడ్ ఆ గీతని కూడా తినేసేది. దగ్గర దగ్గరగా గీస్తే మధ్యలో సిరా నిండి ముద్దయిపోయేది. నేను బాపు గారి సన్నగీతల్ని అనుకరించబోతే బ్లాకులో సగం ఎగిరిపోయేవి. బ్లాకులు చేసే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు, ఆయనే ఒకసారి అన్నాడు, "బాబూ, నీ బొమ్మలు నాకు తంటా పెడతాయి గానీ నువ్వు కథ పేరు రాస్తావే, ఆ అక్షరాలు మాత్రం ఎన్ని కాపీలు తీసినా చెక్కుచెదరవు" అని.

నేను అక్షరాల్ని లెక్కలోకే తీసుకోలేదమ్మా. బొమ్మ అయిపోయాక మిగిలిన జాగాలో పేరు రాసేవాణ్ణి, అంతే. మా నాన్న గోడల మీద అక్షరాలు రాసేవాడు. చిన్నప్పటి నుంచి రంగు డబ్బా పట్టుకుని ఆయన వెనక తిరిగాను కాబట్టి తలకట్టు ఎక్కడ తిప్పాలో, ఒత్తు కిందికి ఎంత దించితే రెండో లైనుకి తగలదో నా చేతికి తెలుసు. అది అందరికీ తెలిసేదే అనుకున్నాను.

ఆ మేస్త్రీ మాట విన్నాక ఇల్లస్ట్రేషన్ తగ్గించి శీర్షికలు రాయడం పెంచాను. బ్లాకులు అక్కర్లేని ఆఫ్‌సెట్ అచ్చు వచ్చింది, తర్వాత కంప్యూటర్ వచ్చింది, ఫ్లెక్సీలు వచ్చి గోడల మీద రాసేవాళ్ళ పొట్ట కొట్టాయి. నాకు మాత్రం పని ఆగలేదు. కంప్యూటర్‌లో తెలుగు అక్షరాలు తయారుచేసేవాళ్ళు నా దగ్గరికి వచ్చేవారు. గుణింతాలు, ఒత్తులు, వాటి కలయికలు అన్నీ కలిపితే ఒక్క ఫాంటుకి వందల ఆకారాలు గీయాలి. ఇప్పుడు రామభద్ర, మండలి, ధూర్జటి లాంటి తెలుగు ఫాంట్లు ఎవరైనా ఉచితంగా దించుకుని వాడుకుంటున్నారు. వాటిలో ఒత్తులు చూస్తూ కూర్చుంటే నాకు గంటలు గడిచిపోతాయి.

నువ్వు అడిగిన దానికి నాకు తెలిసిన ఒకే ఒక దారి చెప్తాను. నీ పాత స్కెచ్ పుస్తకాలు తియ్యి. కాలేజీకి ఇచ్చినవి పక్కన పెట్టు. ఎవరూ అడగకుండా వేసినవి చూడు. ఏది ఎక్కువసార్లు వేశావో లెక్కపెట్టు. బాగుందా లేదా అని ఇప్పుడు చూడొద్దు.

నాగావళి (శ్రీకాకుళం) · సోమవారం మధ్యాహ్నం 1.15

పాతప్రెస్సు గారికి నమస్కారం. నేనూ డ్రాయింగ్ మాస్టారినే, ప్రభుత్వ బడిలో. మా ఊరి మనిషిని తలుచుకోకుండా ఉండలేను.

వడ్డాది పాపయ్య గారు 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. అనకాపల్లి దగ్గర కశింకోటలో స్థిరపడ్డారు. ఆయన కూడా డ్రాయింగ్ మాస్టారే. చందమామ ముఖచిత్రం మీద మూలన "వ.పా." అని ఉండేది గుర్తుందా? ఆ అట్ట తిప్పితే లోపల రెండు రకాల నలుపు తెలుపు బొమ్మలు. ఒకటి చిత్ర గారివి, ఒకటి శంకర్ గారివి. శంకర్ మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో పద్ధతిగా నేర్చుకున్నవారు. చిత్ర ఏ స్కూల్లోనూ నేర్చుకోలేదు. ఇద్దరూ ఒకే పత్రికలో ఏళ్ళ తరబడి పక్కపక్కన పనిచేశారు. దాసరి సుబ్రహ్మణ్యం గారి జానపద సీరియళ్ళు తలుచుకుంటే నా కళ్ళ ముందుకి వచ్చేవి చిత్ర గారి అడవులు, గుహలు, వింత జంతువులు. శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుడు అనగానే శంకర్ గారి బొమ్మ. శంకర్ గారు మొన్న మొన్నటి దాకా ఉన్నారు, 2020లో పోయారు. చిన్నప్పుడు మాకు ఆ ఇద్దరిలో ఎవరు గొప్ప అనే ప్రశ్నే తట్టలేదు. ఈ నెల సంచికలో ఇద్దరి బొమ్మలూ ఉన్నాయా లేదా అని మాత్రం చూసుకునేవాళ్ళం.

పాపయ్య గారు ఆ ఇద్దరిలా సిరాతో వేయబోతే ఆ రంగులు మనకి దక్కేవి కావు కదా. పసుపు పచ్చని ఒళ్ళు, కోల కళ్ళు, పండగలు, రుతువులు. ఉత్తరాంధ్ర ఎండ ఆయన బొమ్మల్లో కనబడుతుంది నాకు.

అద్దెఇల్లు (హన్మకొండ) · సోమవారం మధ్యాహ్నం 2.03

మాస్టారూ, మంచిగ చెప్పారు. కానీ ఒక తేడా ఉంది. వాళ్ళకి ఒక పత్రిక ఉంది, ఒక ఎడిటర్ ఉన్నాడు. ఏ కథ ఎవరికి ఇవ్వాలో కూర్చుని పంచేవాడు ఒకడున్నాడు. ఈ అక్క ఒంటరిగా తెనాలిలో గదిలో కూర్చుంది. ఈమెకి ఎవరు పంచిపెడతారు? ఫోన్ తెరిస్తే అందరి బొమ్మలూ ఒకే వరుసలో వస్తాయి, కింద లైకుల లెక్క. అంత గొప్పవాళ్ళయినా ఆ వరుసలో నిలబెడితే తట్టుకునేవాళ్ళా? నాకు నిజంగానే తెలియక అడుగుతున్నాను.

రిగ్గింగ్_రాజు (హైదరాబాద్) · సోమవారం మధ్యాహ్నం 2.40

ఇది సరైన ప్రశ్న అన్నా. నాకు మా లీడ్ మోకాలు ఇచ్చాడు. పాతప్రెస్సు గారికి బ్లాకుల మేస్త్రీ చెప్పాడు. ఇద్దరికీ బయటి మనిషే చూపించాడు. పెన్సిల్‌ముక్క గారూ, ఒకటి గుర్తు చేసుకుని చెప్పండి. కాలేజీలో గానీ ఇంట్లో గానీ "ఇది కాస్త నువ్వు వేసిపెట్టవా" అని మిమ్మల్ని ఎవరైనా ఏదైనా అడిగేవారా? పెళ్ళి కార్డు లాంటివి కాదు. వాళ్ళకి రాక మీ దగ్గరికి వచ్చింది.

స్వర్ణముఖి_ఒడ్డు (శ్రీకాళహస్తి) · సోమవారం సాయంత్రం 6.30

చెల్లీ, నేను కలంకారీ పని చేస్తాను. పెన్ కలంకారీ, అచ్చులతో అద్దేది కాదు. అచ్చుల పని పెడన వైపు.

మా అక్కా నేనూ ఒకే గురువు దగ్గర నేర్చుకున్నాం. అక్క ముఖాలు రాస్తే దేవుడు చూస్తున్నట్టే ఉంటుంది. నాకు ముఖం కుదరదు. కళ్ళు ఒకటి పైకి ఒకటి కిందికి పోతాయి. కాగితం మీద అయితే రబ్బరుతో తుడుచుకుంటారు. మాకు అది కుదరదు. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో ముందు లేతగా వేసుకుంటాం, అది పోతుంది. తర్వాత కరక్కాయ, గేదెపాలు పట్టించిన గుడ్డ మీద నల్లరంగు పెట్టామంటే ఇక అంతే. బెల్లం నీళ్ళలో ఇనుప ముక్కలు ఊరబెట్టి తీస్తాం ఆ రంగు, కరక్కాయ తగిలితే నల్లగా పట్టేస్తుంది, జన్మలో పోదు. తప్పు గీస్తే ఆ గుడ్డ తప్పుతోనే ఉండిపోతుంది. అలా ఎన్ని గుడ్డలు పాడుచేశానో. అక్క ఏమీ అనేది కాదు, నాకే ఏడుపొచ్చేది.

నాకు అంచులంటే ఇష్టం. తీగ ఒక చోట మొదలుపెడితే ఆరు గజాల చీర చివరిదాకా ఎక్కడా తెగకుండా, ఆకుల మధ్య ఎడం మారకుండా పోతుంది. నేను కొలత కూడా పెట్టుకోను. అంచుల పని చిన్నవాళ్ళది అనే మాట మాలో ఉంది. పెద్దవాళ్ళు దేవుళ్ళని రాస్తారు, నేర్చుకునేవాళ్ళు అంచులు నింపుతారు. అందుకని చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉండేది. పదేళ్ళ కిందట ఒకావిడ వచ్చి దేవుడి బొమ్మలు వద్దు, కట్టుకునే చీర మీద కాళ్ళ దగ్గర దేవుడుంటే బాగోదు, ఉత్త తీగలూ పూలూ చాలు అంది. అక్క నన్ను పిలిచి "ఇది నీ పనే" అంది. అప్పటి నుంచి తీగల చీరలు నావి, రామాయణం గుడ్డలు అక్కవి. నాకు ముఖం ఇప్పటికీ రాదు. ప్రయత్నించడం మానలేదు, ఏడాదికి ఒకటి రాస్తాను, నాకోసం.

పెన్సిల్‌ముక్క (తెనాలి) · సోమవారం రాత్రి 10.48

అందరికీ ఎలా చెప్పాలో తెలియట్లేదు. మధ్యాహ్నం లంచ్‌లో రాజు గారి ప్రశ్న చదివాను. అప్పటి నుంచి క్లాసుల్లో కూడా అదే ఆలోచన.

అడిగేవారు. చేతులు.

మూడో సంవత్సరంలో ఫిగర్ డ్రాయింగ్ సబ్మిషన్ అప్పుడు మా బ్యాచ్ వాళ్ళు షీట్లు పట్టుకుని నా గదికి వచ్చేవారు. మనిషి అంతా వేసుకుని చేతుల దగ్గర ఖాళీ వదిలి తెచ్చేవారు. ఆ గేముల కంపెనీవాడు కూడా. "నువ్వు వేసిపెట్టు, నాకు చేతులు అరటిపండ్ల గెలలా వస్తాయి" అనేవాడు. నేను మాట్లాడుతూనే వేసిచ్చేదాన్ని. అది వచ్చిన పని అనే ఆలోచనే నాకు రాలేదు. మా మాస్టారు కూడా మార్కులు కంపోజిషన్‌కి వేసేవారు, రంగులకి వేసేవారు.

సాయంత్రం అటక మీద పెట్టె దించి పుస్తకాలు తీశాను. పాతప్రెస్సు గారు చెప్పినట్టు లెక్కపెట్టాను. ఎవరూ అడగకుండా వేసినవి తొమ్మిది పుస్తకాలు. మార్కెట్ దగ్గర పూలమ్మేవాళ్ళు మాల కట్టే చేతులు, నాన్న షేవింగ్ బ్లేడు మార్చేటప్పుడు, అమ్మమ్మ రుబ్బురోట్లో పిండి తోసేటప్పుడు, బస్ కండక్టరు వేళ్ళ మధ్య నోట్లు మడిచి పెట్టుకోవడం, టైలరు సూదిలో దారం ఎక్కించడం. నూట అరవైకి పైనే ఉన్నాయి, ఆ తర్వాత లెక్క ఆపేశాను. కోట ఒక్కటి కూడా లేదు.

అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. అమ్మమ్మ చేతుల బొమ్మ చూసి ఏమీ మాట్లాడకుండా చాలాసేపు పట్టుకుంది. అమ్మమ్మ పోయి మూడేళ్ళయింది. ఆ చిటికెన వేలు కొంచెం పక్కకి తిరిగి ఉండేది, అది అలాగే వేశాను, నాకే గుర్తులేదు.

నాలుగు పేజీలు ఫోటో తీసి పెడుతున్నాను. మొహమాటం లేకుండా చెప్పండి.

పాతప్రెస్సు (విజయవాడ) · మంగళవారం ఉదయం 6.10

చూశాను. పూలమాల చేతులు చాలా బాగున్నాయి. అరటినార వేలికి చుట్టి లాగే చోట బొటనవేలు గోరు తెల్లబడుతుంది, ఆ నొక్కుడు నీ గీతలో ఉంది. దీన్ని ఎవరూ నేర్పలేరు.

తప్పులు కూడా చెప్తాను. కండక్టరు చేతిలో బొటనవేలి మొదటి కణుపు పొడుగయింది. టైలరు బొమ్మలో షేడింగ్ ఎక్కువ. నీ గీత చెప్పేసిన తర్వాత నువ్వు మళ్ళీ పెన్సిల్‌తో రుద్ది రుద్ది చెప్తున్నావు. నీకు నీ గీత మీద నమ్మకం లేక నీడలు నింపుతున్నావేమో అనిపించింది. నెల రోజులు నీడ లేకుండా వేసి చూడు. పెన్సిల్ కూడా వద్దు, పెన్ను పట్టుకో, తుడిచే వీలు లేకుండా.

రిగ్గింగ్_రాజు (హైదరాబాద్) · మంగళవారం ఉదయం 7.30

అండీ, ఇవి చూసి డ్యూటీ అలసట పోయింది. మా దగ్గర చేతులంటే అందరికీ టెన్షన్. ఒక్క చేతికి ఇరవై ఏడు ఎముకలు. రిగ్‌లో సగం సమయం వేళ్ళకే పోతుంది. కణుపు దగ్గర మడత ఎలా పడుతుందో మీరు చూసినట్టు చూసేవాళ్ళు తక్కువ. ఆ టైలరు బొమ్మ దాచుకోవచ్చా?

ఏడోసముద్రం (న్యూజెర్సీ) · మంగళవారం ఉదయం 8.15

నాది బొమ్మల సంగతి కాదు, కథలు. నా తోటివాళ్ళకి సంకలనాలు వచ్చాయి, నాకు కథ ముగించడం రాదు. కానీ మా ఊరివాళ్ళు నా కథలు చదివి "ఆ మాటలు మాత్రం అచ్చం మన నూతి దగ్గర మాటల్లానే ఉన్నాయి" అంటారు. ఈ చర్చ చదివాక పాత డ్రాఫ్టులు తీశాను. వర్ణనలన్నీ కొట్టేసి మాటలు మాత్రం ఉంచితే అవి నాటికల్లా ఉన్నాయి. ఇక్కడి తెలుగు సంఘం ఉగాదికి నాటిక వేస్తుంది, ఏటా రాసేవాళ్ళు దొరకరు. ఈసారి అడిగి చూస్తాను. మధ్యలో దూరినందుకు క్షమించండి, చెప్పకుండా ఉండలేకపోయాను.

అద్దెఇల్లు (హన్మకొండ) · మంగళవారం ఉదయం 10.20

అక్కా, మొన్న నేను రాసిన మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. ఏడాది కూర్చుంటే ఆ కోట వచ్చేదేమో, కానీ ఈ చేతులు పోయేవి. అద్దె సంగతి మాత్రం వెనక్కి తీసుకోను. ఇవి ఎవరికి కావాలి? ఇప్పుడు ఆలోచించాల్సింది అది. యోగా పుస్తకాలు, వంట పుస్తకాలు, ఫిజియోథెరపీ వాళ్ళు ఇచ్చే కాగితాలు, సంకేత భాష పాఠాలు. చెయ్యి ఎలా పెట్టాలో చూపించాల్సిన చోటల్లా ఫోటోలో నీడలు అడ్డొస్తాయి, గీత బొమ్మ అయితే తేటగా అర్థమవుతుంది. ఒక పది బొమ్మలు శుభ్రంగా వేసి ఒక చోట పెట్టండి. అన్నిరకాల బొమ్మలూ వేస్తాను అని రాయకండి, చేతులతో చేసే పనుల బొమ్మలు వేస్తాను అని ఒక్క ముక్క రాయండి. అన్నీ చేస్తానని రాసినన్నాళ్ళు నాకు ఎవరూ ఫోన్ చేయలేదు. మెనూ కార్డులు చేస్తానని రాశాక మొదలయింది నా పని.

స్వర్ణముఖి_ఒడ్డు (శ్రీకాళహస్తి) · మంగళవారం రాత్రి 9.05

చెల్లీ, పొద్దున్నుంచి ఈ నాలుగు బొమ్మలూ అక్కకి, మా ఇంట్లో నేర్చుకునే పిల్లలకి చూపిస్తూనే ఉన్నాను. అక్కకి ఒక ఆలోచన వచ్చింది.

మా దగ్గర పదిహేనుమంది ఆడపిల్లలు నేర్చుకుంటున్నారు. కలం పట్టుకోవడం నేర్పడమే పెద్ద కష్టం. వెదురు పుల్లకి ఉన్ని చుట్టి దారంతో కట్టి ఉంటుంది. రంగులో ముంచి, ఆ ఉన్నిని వేళ్ళతో నొక్కుతూ ఉంటే రంగు మొనలోకి దిగుతుంది. ఎంత నొక్కాలి, ఏ వేలితో నొక్కాలి, గీత తిరిగేచోట మణికట్టు తిప్పాలా మోచెయ్యి తిప్పాలా, ఇదంతా చూపించాలి. ఫోన్‌లో వీడియో తీశాం, మా చేతులే అడ్డొచ్చి ఏమీ కనబడదు. ఫోటో తీస్తే ఎంత నొక్కుతున్నామో తెలియదు. నీ పూలమాల బొమ్మలో ఆ నొక్కుడు కనబడుతోంది.

కలం కట్టడం దగ్గర్నుంచి గుడ్డ ఉతకడం దాకా ఒక పన్నెండు బొమ్మలు వేసిస్తావా? పిల్లలకి పుస్తకంగా కుట్టి ఇద్దామని. ఊరికే కాదు, డబ్బు ఇస్తాం. ఎంత ఇవ్వాలో మాకు తెలియదు.

పెన్సిల్‌ముక్క (తెనాలి) · మంగళవారం రాత్రి 9.50

అక్కా, డబ్బులేం వద్దు, ఊరికే వేసిస్తాను.

పాతప్రెస్సు (విజయవాడ) · మంగళవారం రాత్రి 10.02

వద్దమ్మా. ఊరికే వేయకు. వాళ్ళు పనిచేసి బతికేవాళ్ళు, పని విలువ తెలిసినవాళ్ళు. ఇస్తామంటున్నారు, పుచ్చుకో.

అద్దెఇల్లు (హన్మకొండ) · మంగళవారం రాత్రి 10.10

పాతప్రెస్సు గారి మాటే నాదీ. బొమ్మకి ఇంత అని కాకుండా రోజుకి ఇంత అని లెక్క వేసుకోండి. అక్కడ ఉండి చూసే రోజులు కూడా కలపండి, గీసే రోజులే పని అనుకోకండి. స్కూల్లో రోజుకి ఎంత పడుతుందో దాంతో మొదలుపెట్టండి. సగం ముందు, సగం అయ్యాక. మార్పులు రెండుసార్లకి మించి అడిగితే వేరే లెక్క అని ముందే అనుకోండి. కాగితం మీద రాసుకుంటే ఇద్దరికీ మంచిది. కావాలంటే నా దగ్గరున్న నమూనా తెలుగులో పంపుతాను.

పెన్సిల్‌ముక్క (తెనాలి) · శనివారం మధ్యాహ్నం 3.30

నాలుగు రోజులు రాయలేదు, పెన్నుతో వేస్తున్నాను. పాతప్రెస్సు గారూ, నీడ లేకుండా వేస్తుంటే బట్టలు లేకుండా బయటికి వెళ్ళినట్టుంది మొదటి రెండు రోజులు. మూడో రోజు మా స్కూల్లో ఆయమ్మ చీపురు కట్టుకుంటుంటే వేశాను. పదకొండు గీతలు. అందులో ఒకటి తప్పు, అలాగే ఉంచాను.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. గురువారం మా ఫ్రెండ్ తన మూడో పుస్తకానికి ఏదో అవార్డు షార్ట్‌లిస్టులో పేరు వచ్చిందని పెట్టింది. చూడగానే కడుపులో మళ్ళీ అదే అయింది. పోలేదు అది. అభినందనలు అని రాసి ఫోన్ పక్కన పెట్టి ఆయమ్మ చీపురు బొమ్మ మళ్ళీ వేశాను. పది నిమిషాల తర్వాత చూస్తే ఫోన్ ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

అద్దెఇల్లు తమ్ముడూ, నమూనా అందింది. పెన్ ట్యాబ్లెట్ అమ్మేద్దామనుకున్నాను గానీ రాజు గారు స్కాన్ చేసిన గీతని శుభ్రం చేయడానికి పనికొస్తుందన్నారు, ఉంచుతున్నాను.

స్వర్ణముఖి అక్కా, వచ్చే శుక్రవారం స్కూలుకి సెలవు పెట్టాను. తిరుపతి రైలెక్కి శ్రీకాళహస్తిలో దిగుతాను. మూడు రోజులు ఉంటాను. మీరు గుడ్డ ఉతికేది ఏ పూట?

స్వర్ణముఖి_ఒడ్డు (శ్రీకాళహస్తి) · శనివారం సాయంత్రం 4.45

పొద్దున్నే, చెల్లీ. ఏట్లో పారే నీళ్ళు తక్కువగా ఉన్నాయి ఇప్పుడు, అందుకని బోరు దగ్గర ఉతుకుతున్నాం. నలుగురు చెరో కొస పట్టుకుని జాడిస్తారు. ఎనిమిది చేతులు ఒకేసారి. నీకు పేజీ చాలదు, పెద్ద కాగితం తెచ్చుకో.